వికలాంగ విద్యార్థులు – యంత్రయుగమున జీవనోపాధి

గోదావరి జిల్లాలలో ప్రతి సంవత్సరమును పదవతరగతి ఫలితములు వెలువడిన మఱునాడు రాజమహేంద్రవరము మొదలు నరసాపురము వఱకు గోడలన్నియు బొమ్మలతో నిండిపోవును. ఎవరికెన్ని మార్కులు వచ్చినవో, ఏ విద్యాసంస్థ ఏ బాలుని తనవానినిగా చెప్పుకొనుచున్నదో ఆ గోడలే చాటును. ఆ బొమ్మలలోనికి ఎక్కని కొందఱు బాలబాలికలు కూడ అదే వేసవిలో బడి విడచుచున్నారు. చూపులేనివారు, వినికిడి లేనివారు, కాలుచేతులు స్వాధీనమున లేనివారు, బుద్ధివికాసము మందగించినవారు. వీరిలో కొందఱు పరీక్ష గెలిచిరి. కొందఱికి బడి వయస్సు దాటిపోయినది. పిమ్మట వీరేమి చేయవలెను? ఈ ప్రశ్నకు మన ప్రభుత్వమువద్ద పింఛనను సమాధానము సిద్ధముగా నున్నది. పని యను సమాధానము ఇంతవఱకు సిద్ధము కాలేదు.

మేము పింఛనును తక్కువచేసి పలుకుట లేదు. 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశమున వికలాంగుల పింఛను నెలకు 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలకు పెరిగినది. పూర్తిగా మంచము పట్టినవారికి 15,000 రూపాయల వఱకు నిచ్చుచున్నారు. ఆ సొమ్ము ఎన్ని ఇండ్లలో పొయ్యి రగుల్చుచున్నదో లంకగ్రామములలో తిరిగినవారికి తెలియును. కాని ఇరువదియేండ్ల యువకునకు నెలకు ఆఱువేలిచ్చి అరుగుమీద కూర్చుండుమనుట వానికి జీవితమునిచ్చుట కాదు. వాడు కూర్చున్నందువలన తల్లి కూడ పొలమునకు పోలేక కూర్చుండుచున్నది. వానికొఱకే తోబుట్టువు చదువు మానుచున్నది. ఈ నష్టము ఏ బడ్జెటు పద్దులోను కానరాదు.

2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు. నాటి అవిభక్త ఆంధ్రప్రదేశమున 22 లక్షల 66 వేలకు పైబడి యుండిరి. వీరిలో ఏదో యొక పనిచేయుచున్నట్లు వ్రాయించుకొన్నవారు దేశము మొత్తమున నూటికి 36 మంది. ఈ లెక్కలో పసివారును పండుముసలివారును కలిసియున్న మాట నిజమే. అయినను స్త్రీలను వేఱుగా చూచినచో నూటికి 23 మందియే పనిలో నున్నట్లు తేలినది. అక్షరాస్యులు నూటికి 55. అనగా చదువు వచ్చినవారిలోనే పెక్కుమందికి పని లేకపోయినది. తప్పు చదువు లేకపోవుటలో మాత్రమే లేదు; చదువునకును పనికిని నడుమ నున్న త్రోవలో నున్నది.

చట్టము చేతకానిదని యనుటకు వీలులేదు. 1995లో చేసిన చట్టము ఏడు విధములైన వైకల్యములనే గుర్తించినది. 2016 నాటి చట్టము ఇరువదియొక్క విధములను గుర్తించి, సర్కారు కొలువులలో నూటికి నాలుగింటిని, ఉన్నతవిద్యాలయములలో నూటికి ఐదు స్థానములను వీరికి కేటాయించినది. 40 శాతమునకు తక్కువగాని వైకల్యముగల ప్రతి బిడ్డకును ఆఱవయేట నుండి పదునెనిమిదవయేటి వఱకు ఉచితవిద్య హక్కని శాసించినది. చక్కని శాసనమే. కాని పదునెనిమిదవ పుట్టినరోజున ఏమగును? ధవళేశ్వరము ఆనకట్టనుండి నీరు వదలినంత మాత్రమున శివారు ఆయకట్టునకు చేరునా? కాలువ పూడిక తీయవలెను, గట్లు నిలబెట్టవలెను, ఎగువవారు తూములు తీసికొనిపోకుండ చూడవలెను. ఈ బిడ్డలు చట్టమునకు శివారు భూములు. నీరు వదలినట్లు కాగితముమీద నున్నది, చేను ఎండియున్నది.

ఇచట పేర్లనుగూర్చి యొక్కమాట. మొదట కుంటి గ్రుడ్డి యనిరి. అది మోటని వికలాంగులనిరి. అదియు తగదని విభిన్న ప్రతిభావంతులనిరి, దివ్యాంగులనుచున్నారు. గౌరవము కోరి మార్చిన పేర్లే కనుక మాకు ఆక్షేపణ లేదు. ఒక్కొక్క పేరు మార్పుతోపాటు ఒక్కొక్క కొలువు కూడ ఇచ్చియుండిన బాగుండెడిది.

ఇక అసలు విషయము. వికలాంగులకు వృత్తి నేర్పవలెనను తలంపు మనకు క్రొత్తది కాదు. చూపులేనివానికి బేతు కుర్చీ అల్లుట, క్రొవ్వొత్తులు పోయుట, సుద్దముక్కలు చేయుట; చెవుడు మూగ యైనవారికి కుట్టుపని, అచ్చుకూర్పు. ఏబదియేండ్లు ఇదే పాఠము. ఆ వృత్తులు నాడు అన్నము పెట్టినవి. తరువాత అచ్చుపోసిన ప్లాస్టికు కుర్చీ వచ్చి బేతు అల్లికను మ్రింగినది. కంప్యూటరు వచ్చి సీసపు అక్షరములను కరగించివేసినది. అయినను కొన్ని శిక్షణశాలలలో నేటికిని కొనువారు లేని వస్తువులనే చేయించి, వార్షికోత్సవమునాడు బల్లమీద పేర్చి, అతిథులచేత దయతో కొనిపించుచున్నారు. దయ సంవత్సరమున కొక్కనాడు వచ్చును. ఆకలి ప్రతిదినమును వచ్చును.

ఎస్.టి.డి. బూతుల కథ ఇంతకంటె బోధకరము. 1980వ దశకము తుదినుండి దేశమంతట వీథివీథిని పసుపుపచ్చని అక్షరముల టెలిఫోను బూతులు వెలసినవి. వానిని కేటాయించుటలో వికలాంగులకు ప్రాధాన్యమిచ్చిరి. అది మంచి యేర్పాటే. మూడుచక్రముల బండి దిగి బూతులో కూర్చున్న యువకుడు గౌరవముగా నాలుగు రూకలు గడించెను; పెండ్లి చేసికొనెను; పిల్లలను చదివించెను. పదునైదేండ్లు గడువకముందే సెల్‌ఫోను ప్రతి చొక్కాజేబులోనికి వచ్చినది. బూతులు మూతపడినవి. ఆ యువకునకు నలువదియేండ్లు వచ్చియుండెను. వేఱొక పని నేర్పినవారు లేరు. మనము వానికొక యంత్రమును ఇచ్చితిమేగాని ఆ యంత్రము పోయిననాడు రెండవదానిని పట్టుకొను విద్యను ఇయ్యలేదు. నేడు మరల కంప్యూటరు శిక్షణ, డేటా నమోదు, కాల్‌సెంటరు అనుచున్నాము. డేటా నమోదు పనిని కృత్రిమమేధ ఇప్పుడే లాగికొనుచున్నది. బూతుల పాఠము మఱచినచో మరల అదే జరుగును.

కావున ఒక్క వృత్తిని గాక, వృత్తి మార్చుకొను శక్తిని నేర్పవలెను. ఇది పెద్దమాటవలె వినబడును గాని దీని అర్థము మిక్కిలి చిన్నది. చూపులేని బిడ్డకు మీటలపలక మీద పది వ్రేళ్లతో తప్పులేక వ్రాయుట రావలెను. తెరమీది యక్షరమును చదివి వినిపించు ఉపకరణమును వాడుట రావలెను. వినికిడిలేని బిడ్డకు చదివి అర్థము చేసికొని నాలుగు వాక్యములు సొంతముగా వ్రాయుట రావలెను. ఒంటరిగా బస్సెక్కి దిగుట, సొమ్ము లెక్కచూచుకొనుట, వేళకు పనికి పోవుట, తెలియనిది అడుగుట రావలెను. ఇవి వచ్చినవాడు నేడు ఒక పని, పదేండ్లకు మఱియొక పని చేసికొనగలడు.

మనబడులలో జరుగుచున్నదేమి? చూపులేని బాలుడు పరీక్షకు పోవును. ప్రక్కన ఒక లేఖకుడు కూర్చుండి వాడు చెప్పినది వ్రాయును. లేఖకుడు న్యాయముగా లభించవలసిన సదుపాయమే. అది లేనినాడు ఎందఱికో పరీక్షయే లేదు. కాని ఒకటవ తరగతినుండి డిగ్రీ వఱకు ఇతరుల చేతితోనే వ్రాసినవాడు తుదకు ఉద్యోగమునకు పోయినప్పుడు అచట లేఖకుడుండడు. అచటనుండునది మీటలపలక. దానిని వాడెన్నడును ముట్టలేదు. 2023లో అనంతపురము జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి పాఠశాలకు చెందిన ఆఱుగురు అంధబాలికలు పదవతరగతి పరీక్షను లేఖకులు లేకుండ, చదివి వినిపించు కంప్యూటరు సాయముతో స్వయముగా వ్రాసిరి. అనంతపురపు మెట్టభూములలో సాధ్యమైనది నీరు పుష్కలముగా పాఱు డెల్టాలో ఏల సాధ్యము కాకూడదు?

ఉపకరణమునకు వేలు పోయవలసిన పని కూడ లేదు. ఎన్.వి.డి.ఏ. అను తెరపఠన ఉపకరణమును ఇరువురు ఆస్ట్రేలియా అంధయువకులు 2006లో ఆరంభించి లోకమునకు ఉచితముగా నిచ్చిరి. తెలుగును కూడ అది చదువును. గొంతు కొంత బొంగురు, అంతే. ఏ పాతకంప్యూటరులోనైనను అమరును. చేతిలోని సెల్‌ఫోనులలో ఇట్టి సదుపాయము కొన్ననాడే ఉండును. లేనిదెల్ల దానిని నేర్పువారే.

ఇంకొక అడ్డంకి కలదు. దానిని మన తెలుగువారమే కట్టితిమి. మన అచ్చుశాలలలో ఎన్నో యేండ్లుగా అను ఫాంట్లని వ్యవహరింపబడు అక్షరములతో పుస్తకములు కూర్చుచున్నారు. అవి కంటికి తెలుగే. కంప్యూటరు కడుపులో మాత్రము తెలుగు కాదు, ఆంగ్లాక్షరముల గజిబిజి. తెరపఠన ఉపకరణము ఆ పుటను చదివినచో అర్థములేని ధ్వనులు వెలువడును. సర్వలోక సమ్మతమైన యూనికోడు పద్ధతిలో కూర్చిన అదే పుట స్పష్టముగా చదువబడును. ఛాయాచిత్రములుగా తీసి పెట్టిన ప్రభుత్వ ఉత్తరువులదియు, ప్రశ్నపత్రములదియు ఇదే గతి. తెలుగు భాషాభిమానమునుగూర్చి సభలు చేయుచున్నాము. తెలుగు పుస్తకము ఒక తెలుగు అంధబాలికకు గజిబిజిగా వినబడుచున్న సంగతి ఆ సభలలో ఎవరైనను ఎత్తిరా? పాఠ్యపుస్తకములు, నియామక ప్రకటనలు, పోటీపరీక్షల పుస్తకములు యూనికోడులోనే ప్రకటింపబడవలెనని ఒక్క ఉత్తరువు చాలును. ఇందుకు కోట్లు అక్కఱలేదు.

అంధులకు గణితము, విజ్ఞానము రావని త్రోసివేయుట మఱియొక పాతరోగము. కృష్ణాజిల్లా సీతారామపురమున రైతుబిడ్డగా పుట్టిన బొల్ల శ్రీకాంత్ పదవతరగతి మంచి మార్కులతో గెలిచి విజ్ఞానశాఖ కోరినప్పుడు అంధుడను కారణముచేత కాదనిరి. న్యాయస్థానమునకు పోయి కొన్ని నెలలు పోరాడి గెలిచెను. పాఠములన్నియు విని నేర్చి నూటికి 98 మార్కులు తెచ్చెను. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయము అతనిని చేర్చుకొనెను. తిరిగివచ్చి 2012లో హైదరాబాదున బొలాంట్ పరిశ్రమను స్థాపించి వికలాంగులకు పని చూపెను. 2024లో ఈ కథ చలనచిత్రముగా వచ్చినది. మనవారు చూచి చప్పట్లు కొట్టిరి. చప్పట్లు కొట్టినవారిలో ఇంటరు కళాశాలల యజమానులు కూడ నుండియుందురు. వారి కళాశాలలలో నేడొక అంధబాలుడు భౌతికశాస్త్రము కోరినచో ఏమందురో అడిగి చూడవలెను.

మనజిల్లాకు దగ్గఱి ఉదాహరణము కూడ కలదు. కోనసీమలోని మలికిపురము మండలమున పుట్టిన కట్టా సింహాచలము, పుట్టుకతోనే చూపులేనివాడు, 2019లో ఐ.ఏ.ఎస్.కు ఎంపికయ్యెను, అటుపిమ్మట రంపచోడవరము గిరిజనాభివృద్ధి సంస్థకు అధిపతిగా పనిచేసెను. వెనుకటికి పోయినచో, చూపు మిక్కిలి మందమైన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని విజయనగరము సంగీత కళాశాల 1919లో ఫిడేలు ఆచార్యునిగా నియమించినది. 1936లో వారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. ఇట్టివారిని తలచుకొని గర్వించుట మంచిదే. కాని ఈ కథలు మనకు మత్తుమందు కాకూడదు. ఒక్కడు కొండయెక్కినాడని చెప్పి మిగిలినవారికి మెట్లు కట్టుట మానివేయుట న్యాయము కాదు. మాకు కావలసినది వందమంది సామాన్యులైన వికలాంగులు సామాన్యములైన కొలువులలో ప్రొద్దున పోయి సాయంకాలమునకు ఇల్లు చేరుట. దానిపై చలనచిత్రము తీయరు, తీయనక్కఱలేదు.

వినికిడి లేనివారి సంగతి అంధుల సంగతికంటె చిక్కైనది. దానిని మనవారు తక్కువగా గుర్తించిరి. చెవుడు కనబడని వైకల్యము. బిడ్డకు పుట్టుకనుండి మాట వినబడనప్పుడు తెలుగు కూడ వానికి పరభాషయే. వాని సహజభాష సంజ్ఞలభాష. దానిని గురువు నేర్చినచో పాఠము ముందుకు సాగును. నేర్వనిచో పిల్లవాడు పదేండ్లు నల్లబల్లమీది గీతలను చూచి చూచి వ్రాసికొనును. అక్షరము ముత్యమువలె నుండును, అర్థము తెలియదు. ఇట్టివానికి పరీక్షలలో భాషల సడలింపు, మార్కుల సడలింపు ఇచ్చి పంపివేయుచున్నారు. చెప్పవలసిన పాఠమును చెప్పక మార్కు తగ్గించుట ఉపకారమా? ఆ సడలింపుకాగితము చేతబట్టుకొని వాడు ఏ దుకాణమునకు పోయినను యజమాని వ్రాసియిచ్చిన రెండువాక్యములు చదువలేడు.

భారతీయ సంజ్ఞాభాషకు 2015లో ఢిల్లీయందు ప్రత్యేక సంస్థ వెలసినది. 2021 నాటికి పదివేల పదముల నిఘంటువు సిద్ధమైనది. 2020 నాటి జాతీయ విద్యావిధానము దీనిని బడులలోనికి తేవలెనన్నది. ఇప్పుడు మాటను అక్షరముగా మార్చు యంత్రములు తెలుగునకు కూడ వచ్చుచున్నవి. ఎదుటివాడు పలికినది ఫోనుతెరమీద వ్రాతగా కనబడును. చెవిటివానికి కార్యాలయమున ఇంతకుమించిన స్నేహితుడు లేడు. కాని ఆ వ్రాతను చదివి అర్థము చేసికొనుటకు బడిలో భాష వచ్చియుండవలెను గదా. యంత్రము భాషకు ప్రతినిధి కాదు. అందుచేత చెవిటిబిడ్డల బడులలో మొదటి ఖర్చు కంప్యూటరుమీద గాక సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయునిమీద పెట్టవలెనని మా అభిప్రాయము. పుటల కూర్పు, బొమ్మల రచన, చలనచిత్రముల కత్తిరింపు వంటి కంటిపనులలో వీరు ఎవరికిని తీసిపోరు.

అందఱికంటె వెనుకబడువారు బుద్ధివికాసము మందగించిన పిల్లలు. యంత్రయుగమనగానే వీరి పేరు ఎవ్వరును ఎత్తరు. సికిందరాబాదున మనోవికాసనగరములో 1984నుండి వీరికొఱకు జాతీయసంస్థ యున్నది. కాకినాడలో ఉమా మనోవికాస కేంద్రము ఎన్నో యేండ్లుగా ఇట్టి బిడ్డలను సాకుచున్నది. మన డెల్టాలో వీరికి తగిన పని లేదా? కడియము, కడియపులంక నర్సరీలను చూడుడు. సంచులలో మట్టి నింపుట, కొమ్మ నాటుట, వేళకు నీరు పోయుట, కుండీలు వరుస పెట్టుట, ఒక్కొక్క రకమునకు చీటీ కట్టుట. ఇందు ప్రతిపనియు చిన్నచిన్న మెట్లుగా విడదీసి నేర్పదగినది. ఒకసారి వచ్చిన పనిని ఈ పిల్లలు విసుగులేక, ఎగవేతలేక చేయుదురు. భీమవరము ప్రాంతపు రొయ్యల కర్మాగారములలో పెట్టెలకు చీటీ లంటించుటయు, అంగళ్లలో సరకుమీది గీతలను యంత్రమునకు చూపి అఱలలో సర్దుటయు నిట్టివే. మొదటి మూడునెలలు ప్రక్కన నిలిచి నేర్పు మనిషి యొకడు కావలెను. పనిచోటనే నేర్పవలెను, బడిలో నేర్పి పంపినచో చోటు మారగానే వీరు తికమకపడుదురు. ఆ నేర్పు మనిషి జీతము ఎవరు భరింతురన్నదే అసలు ప్రశ్న. పింఛనుకొఱకు ఇచ్చుచున్నదానిలో స్వల్పాంశము దీనికి చాలును.

యంత్రము ఎల్లవేళల మిత్రుడనుకొనుటయు భ్రమయే. వెనుక రైసుమిల్లులలో నల్లబియ్యము, రాళ్లు ఏఱుటకు చేతులు కావలసియుండెను. ఇప్పుడు సార్టెక్స్ యంత్రము కెమెరాకంటితో చూచి గాలిపోటుతో మెతుకును తన్నివేయుచున్నది. కూర్చుండి చేయదగిన ఆ పని కాలులేని స్త్రీలకు కూడ పోయినది. బ్యాంకుఖాతా తెఱచుటకు కన్ను ఆర్పుమని ఫోను ఆజ్ఞాపించును. ఆమ్లదాడిలో కనురెప్పలు పోయినవారు, చూపులేనివారు ఎట్లు ఆర్పుదురు? కుష్ఠువ్యాధి నయమైనను వ్రేళ్లు అరిగిపోయినవానిని వ్రేలిముద్ర యంత్రము మనిషిగా గుర్తింపదు. ఈ కనురెప్పపాటు పరీక్షను ప్రశ్నించుచు వచ్చిన వ్యాజ్యమున 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ఎలక్ట్రానిక సేవల అందుబాటు రాజ్యాంగము 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమేనని తీర్పుచెప్పినది. అంతకుముందు 2024 నవంబరులో రాజీవ్ రాతూరి వ్యాజ్యమున, హైదరాబాదు నల్సారు విశ్వవిద్యాలయమువారి నివేదికను ఆధారముగా గొని, సౌకర్యముల నియమములు ఐచ్ఛికములుగా నుండరాదు, తప్పనిసరిగా నుండవలెనని పలికినది. తీర్పు వచ్చినది. మన ఊరి బ్యాంకులో, మన మండల కార్యాలయములో తీర్పు ఇంకను రావలసియున్నది.

యజమానుల మాట. ప్రభుత్వ కొలువులలో నాలుగు శాతము కలదన్నారు. వికలాంగుల బ్యాక్‌లాగు పోస్టుల ప్రకటనలు మరలమరల వెలువడుచుండుటయే ఆ స్థానములు వేళకు నిండుట లేదనుటకు సాక్ష్యము. ప్రైవేటు సంస్థలకు చట్టము బలవంతము చేయలేదు. నూటికి ఐదుగురిని పెట్టుకొన్నచో ప్రోత్సాహము లిమ్మని ప్రభుత్వమునకు చెప్పి ఊరకున్నది. జర్మనీలో ఇరువదిమందికి తక్కువగాని సంస్థ నూటికి ఐదు చోట్లు వీరికీయవలెను. ఈయనిచో ప్రభుత్వమునకు సొమ్ము కట్టవలెను. ఆ సొమ్ము వీరి శిక్షణకే పోవును. మన దేశమునకు అట్టి చట్టము నేడే రావలెనని మేమనుట లేదు. కాని రాజమహేంద్రవరము కాగితపుమిల్లు, కాకినాడ తీరపు కర్మాగారములు, చమురు సహజవాయువు సంస్థలు, వందలకొలది రైసుమిల్లులు, పేరుమోసిన విద్యాసంస్థలు గల ఈ ప్రాంతమున, ఒక్కొక్కరు ఎందఱు వికలాంగులను పనిలో పెట్టుకొనిరో ఏటేట ప్రకటింపుమని కలెక్టర్లు అడుగవచ్చును. అడిగినందుకు ఏ చట్టమును అడ్డురాదు. సిగ్గు కూడ కొన్నిచోట్ల చట్టమంత పనిచేయును.

ఆక్షేపణ యొకటి తప్పక వచ్చును. అన్ని అవయవములు గల ఇంజనీరింగు పట్టభద్రులే ఊళ్లలో ఖాళీగా తిరుగుచుండగా, వీరి ఉద్యోగములకు తొందరయేమి? ఈ ఆక్షేపణ దుష్టబుద్ధితో పుట్టినది కాదు. నిరుద్యోగిబిడ్డలు గల తండ్రుల నోట వచ్చునది. దానికి మా సమాధానమిది. పనులు కొఱవడినప్పుడు ఎవనిని వెనుకకు నెట్టవలెనన్న ప్రశ్న వచ్చినచో, ఎల్లప్పుడు ఒకే మనిషిని నెట్టుట పంపకము కాదు, బహిష్కారము. మఱియు, పైన చెప్పిన పనులలో పెక్కింటికి ఆ పట్టభద్రుడు పోటీకి రాడు. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిననాడు ఆడపిల్లకు చదువేల, ఉద్యోగము చేయునా యని నవ్వినవారికి లోటులేకుండెను. నేడు ఆ నవ్వువారి మునిమనుమరాండ్రు బ్యాంకులలో, బడులలో, సాఫ్టువేరు సంస్థలలో జీతములు తెచ్చుచున్నారు.

చేతిపనిని చదువునుండి వేఱుచేయరాదని 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టిన కోపల్లె హనుమంతరావుగారును, 1937లో వార్ధాసభలో గాంధీమహాత్ముడును చెప్పిన మాట ఈ పిల్లలకు వర్తించినట్లు ఇతరులకు వర్తింపదు. తొమ్మిదవతరగతినుండియే వీరు వారమునకు ఒక దినమైనను నిజమైన పనిచోట గడపవలెను. రైసుమిల్లు గుమాస్తా ప్రక్కన, నర్సరీలో, గ్రామ సచివాలయములో కంప్యూటరు ముందు. అప్పుడు పిల్లవానికి పని తెలియును. అంతకంటె ముఖ్యముగా యజమానికి పిల్లవాడు తెలియును. యజమానుల భయములో ముప్పాతిక తెలియమివలన పుట్టినదే.

దీనికంతకును ఆధారము మండలమండలమున నున్న భవిత కేంద్రములు. సమగ్రశిక్ష క్రింద నడచుచున్న ఈ కేంద్రములలో వైకల్యముగల పిల్లలకు చదువు, వ్యాయామచికిత్స చెప్పుచున్నారు. అచటి ఉపాధ్యాయులు చాలకాలముగా ఒప్పందపు జీతములమీద నెట్టుకొని వచ్చినవారు. ప్రాథమిక తరగతులలో పదిమంది ఇట్టి పిల్లలకు ఒకరు, ప్రాథమికోన్నత తరగతులలో పదునైదుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండవలెనని 2022లో కేంద్రము నిర్ణయించినది. సుప్రీంకోర్టు ఒత్తిడిమీద ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025లో 2,260 ప్రత్యేకవిద్యా ఉపాధ్యాయుల పోస్టులను మంజూరు చేసినది. సంతోషము. ఈ ఉపాధ్యాయులకు సంజ్ఞాభాష, తెరపఠన ఉపకరణము, పనిచోట శిక్షణ యను మూడును వచ్చియుండవలెనని నియామకమునాడే చూడవలెను. వచ్చిన పిమ్మట నేర్పుదుమనుట మన శాఖలలో ఎన్నడును జరుగని పని.

తల్లిదండ్రులకొక మాట. కొలువు వచ్చినచో పింఛను పోవునేమో యని బిడ్డను ఇంటనే ఉంచుకొనువారు మాకు తెలియును. వారి భయమును తప్పుపట్టలేము. ప్రైవేటు కొలువు నేడుండి రేపు పోవును, పోయిన పింఛను తిరిగి రాబట్టుటకు సదరం శిబిరముల చుట్టు ఎన్నిసారులు తిరుగవలెనో వారికి తెలియును. అందుచేత క్రొత్తగా పనిలో చేరిన వికలాంగునకు మొదటి రెండేండ్లు పింఛను ఆపరాదనియు, కొలువు పోయినచో మఱుసటి నెలనే మరల ఇయ్యవలెననియు ప్రభుత్వము స్పష్టముగా వ్రాతమూలముగా ప్రకటింపవలెను. వచ్చు విద్యాసంవత్సరము తెఱచులోపల గోదావరి జిల్లాల కలెక్టర్లు తమతమ జిల్లాలలో తొమ్మిది మొదలు ఇంటరు వఱకు చదువుచున్న వికలాంగ విద్యార్థుల జాబితాను, పని చూపగల సంస్థల జాబితాను సిద్ధముచేసి రెండింటిని ఒక్క బల్లమీద పెట్టవలెనని కోరుచున్నాము.